దినం నాటి కందిపప్పు

జూన్ 8, ఆదివారం

బుడ్డోడా,

అలా పిలిస్తే నీకు కోపం. "మీసాలొచ్చినోణ్ణి పట్టుకొని బుడ్డోడేందమ్మా, రైతులు నవ్వుతాండారు" అనేవాడివి. ఇప్పుడు ఎవరి ముందరా పిలవడం లేదులే. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

ఎరువుల దుకాణం వాళ్లు నీకిచ్చిన డైరీ ఇది. నువ్వు ఒక్క పేజీ కూడా వాడలేదు. ఐదో తరగతితో బడి మానేసిన చేయి నాది, అక్షరాలు గీత మీద నిలబడడం లేదు. ఎవరు చూడొచ్చారు.

వాన రాలేదు. మీ నాయన చేనికి పోయి, ఊరికే గట్టు మీద కూర్చుని వచ్చాడు.

జూన్ 9

చుట్టాలందరూ వెళ్లిపోయారు. మీ మేనత్త చెంచమ్మ ఒక్కతే ఉంది. ఇల్లు బోసిగా ఉండకూడదని మాట్లాడుతూనే ఉంటుంది. పొయ్యితో మాట్లాడుతుంది, మేకతో మాట్లాడుతుంది. ఆమె కునుకు తీసినప్పుడే నువ్వు లేవని నాకు తెలుస్తుంది.

జూన్ 11, బుధవారం

దినం నాటి సంగతి రాస్తాను. రాస్తే కొంచెం దిగుతుందేమో.

నిన్ను ఇంటికి తెచ్చినప్పటి నుంచి పెద్ద దినం దాకా నాకు ఏదీ సరిగా గుర్తు లేదు. రోడ్డు మీద ట్రాక్టరు ఆపి పెట్టారట, దాని వెనక లైటు లేదట, మసక వెలుతుర్లో నువ్వు బండి మీద వస్తున్నావట. ఎవరెవరో చెప్పారు. చెవిలో పడ్డాయి గానీ లోపలికి పోలేదు.

గుర్తున్నదల్లా ఆ సంచి.

మీ అత్త దినానికి వంట సామాను చూస్తూ అడిగింది.

"పిల్లోడు ఆఖరున పండించింది ఏంది?"

"కందులు వదినా."

"అయితే కందిపప్పే వండాల. పోయినోళ్లు ఆఖరున పండించిన గింజ దినానికి వండి పెట్టకపోతే ఆ చేను వాళ్లని పోనీదు. మా అమ్మకి సజ్జలు వండలేదా? మా నాయనకి జొన్నలు వండలేదా?"

నిజమే. మీ అవ్వకీ తాతకీ అలాగే చేశాం. మన ఇంటి పద్ధతి అది.

"తిండి కందులు అయిపోయినాయి. అటక మీద సంచి ఒకటి ఉండాది, అది విత్తనం" అన్నాను.

"విత్తేటోడే లేనాక విత్తనమేంది గురమ్మా?"

నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను, నేనే దించాను. వేపాకు, బూడిద కలిపి నువ్వు మూతి కుట్టిన సంచి. మీ అత్త కుట్లు తెంపింది. బూడిద కడిగారు, ఎండబెట్టారు, మరలో పప్పు ఆడించుకొచ్చారు. పెద్ద గిన్నెల్లో ఉడికించారు. కట్టెలు చాలకపోతే దొడ్లో కుప్ప వేసిన కందికట్టె లాగి పొయ్యిలో పెట్టారు. నీ కందికట్టె మంట మీద నీ కందిపప్పు ఉడికింది.

అందరూ తిన్నారు. కమ్మగా ఉందన్నారు. నేనూ ఒక ముద్ద తిన్నాను.

మూడేళ్లు ఏరావు నువ్వు ఆ గింజను. నువ్వు పని చేసే వ్యవసాయం ఆఫీసు వాళ్లిచ్చిన గుప్పెడు కొత్తకందిని మన చేలో ఒక చెక్క నేలలో వేసి, వేరే రకం మొక్క కనిపిస్తే పూత దశలోనే పీకేసి, మంచి చెట్లకు గుడ్డపేలికలు కట్టుకుంటూ తిరిగావు. "మన ఎర్రనేలలో ఎండు తెగులుకు చావని కంది అమ్మా ఇది" అన్నావు. ఊరంతా ఎండిన ఏడు మీ నాయన సగం చేను నిలువునా ఎండింది. నీ చెక్క నిలబడింది. అప్పుడు గదా మీ నాయన నోరు మూసుకున్నాడు.

అది ఒక పూట పప్పయింది.

జూన్ 12

చెంచమ్మ చెప్పింది కాబట్టే తీశాను.

జూన్ 17, మంగళవారం

తెల్లవారి వాన పడింది. చేను బాగా తడిసింది. ఊర్లో విత్తే గొర్రులు కదిలాయి.

మధ్యాహ్నానికి జీవరత్నం వచ్చింది. పుల్లలచెరువు అవతలి నుంచి రెండు ఆటోలు మారి. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద. ఈమె గురించి ఎన్నిసార్లు చెప్పి నవ్వావు నువ్వు. మొదటి ఏడు కొత్త విత్తనం తీసుకుపోతే, "మా తాత కంది మాకుండాది, మీ ఆఫీసు కంది మీ ఆఫీసులో ఏసుకోండి" అని తరిమిందని. తరవాత ఆమె చేను ఎండిపోయింది, మన చేను చూడ్డానికి వచ్చింది, చెట్టును చేత్తో ఊపి చూసింది. ఆరోజు నేనే మజ్జిగ ఇచ్చాను. వెళ్లేటప్పుడు నువ్వు ఆమెకు మాటిచ్చావు. వచ్చే వానలకు ఆమెకూ, వాళ్ల ఊర్లో చేను ఎండిపోయిన ప్రతి ఇంటికీ విత్తనం తెచ్చిస్తానన్నావు.

మంచం మీద కూర్చోమంటే నేల మీద కూర్చుంది.

"అడగడానికి నోరు రావడం లేదక్కా. కానీ విత్తే పదునయ్యింది. మా వాళ్లు పొద్దున్నించి తోలుతాండారు, పోయి అడుగు, పోయి అడుగు అని. శివకృష్ణ మాటిచ్చినాడు."

"లేవు జీవరత్నం."

"అమ్మేసినారా?"

"తినేసినాం."

ఆమె అర్థం కానట్టు చూసింది. "దినం నాడు నువ్వు గూడా వచ్చినావు గదా. ఆ పప్పు అదే" అన్నాను.

కొంగుతో కాళ్ల బురద తుడుచుకుంటూ కూర్చుంది.

"మా పాస్టరుగారు దినం కూడు తినొద్దంటాడక్కా. శివకృష్ణ కోసమని తిన్నా. బాగుండాదని రెండోసారి గూడా ఏయించుకున్నా" అంది.

మీ నాయన గడప మీద ఉన్నాడు. లేచి వాన చూడడానికన్నట్టు బయటికి పోయాడు. వాన అప్పటికే ఆగిపోయింది.

పోతూ పోతూ జీవరత్నం, "నేనేం అనను అక్కా. మావాళ్లకి ఏం చెప్పాల్నో అదే తెలియడం లేదు" అంది.

జూన్ 18

నాకూ తెలియడం లేదు.

జూన్ 22, ఆదివారం

మార్కాపురం నుంచి రిజ్వానా వచ్చింది. నీ ఆఫీసులో నీతోపాటు ఊర్లు తిరిగే పిల్ల. పేరు వినడమే గానీ మనిషిని సరిగా చూడలేదు. సన్నగా, నీలాగే గబగబా మాట్లాడుతుంది. నీ బల్ల మీద మిగిలిన నీళ్ల సీసా, టోపీ తెచ్చింది.

ఈ ఏడు ఆఫీసుకు ఆ విత్తనం రాలేదట. పథకం అయిపోయిందట.

"పెద్ద ఆఫీసులో అడిగినానమ్మా. వచ్చే ఏడుకైతే చూద్దాం అన్నారు. అయినా ఇక్కడి మట్టిలో శివ ఏరింది వేరు. అది మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు."

నేను చెప్పలేకపోయాను. మీ అత్త చెప్పింది. ఆ పిల్ల మీ అత్త ముఖం చూసి, నా ముఖం చూసి, టోపీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఏడ్చిందో లేదో తెలియదు, తల వంచేసింది.

మీ అత్త టీ పెట్టింది. చక్కెర మరిచిపోయింది. ముగ్గురం అలాగే తాగాం.

జూన్ 24

చెంచమ్మ చెప్పింది. కానీ అటక మీద సంచి ఉందని చెంచమ్మకు తెలియదు, చెప్పింది నేనే.

జూన్ 26, గురువారం

ఈరోజు ఒకటి జరిగింది.

పొయ్యి కోసం దొడ్లోకి పోయాను. కందికట్టె కుప్ప సగం దినానికే కాలిపోయింది, మిగతా సగం అలాగే ఉంది. నాకు ఆ కట్టె పొయ్యిలో పెట్టబుద్ధి కాక ఇన్నాళ్లూ చిల్లకంప పుల్లలు వాడుతున్నాను. కంప కోసం కట్టె జరిపితే చేతికి ఏదో గుచ్చుకుంది. ఎండిన కాయ. మొన తేలి ఉంది. చిదిపితే మూడు గింజలు.

గింజ రాలేలా కట్టె కొట్టేటప్పుడు తప్పిపోయిన కాయలు. కొమ్మల సందుల్లో, అడుగున. అక్కడొకటి, అక్కడొకటి.

నేను కూర్చుండిపోయాను. ఒక్కో కట్టె తీసి, మొదలు నుంచి కొస దాకా తడిమి, పక్కన పెట్టాను. పొద్దు వాలేదాకా చేస్తే కొంగు మూలలో ముడి వేసుకునేంత అయ్యాయి. అన్నం వండలేదు. మీ నాయన వచ్చి చూసి, ఆయనే బియ్యం కడిగి పెట్టాడు.

జూన్ 27

మీ అత్త కూడా వచ్చి కూర్చుంది. "ఏమ్మే, పురుగు తిన్నది గూడా ముడేసుకుంటాండావే, దానికి గూడా పేరు పెడతావా?" అంది. నవ్వొచ్చింది. నువ్వు పోయాక మొదటిసారి. వెంటనే నవ్వినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. మీ అత్త చూసి, "నవ్వితే ఏం గాదులే" అంది.

జూన్ 29

మీ నాయన కట్టె కుప్ప దగ్గరికి రావడం లేదు. నేను పిలిచాను, వినలేదు.

జూలై 1, మంగళవారం

ఎందుకు రాడో ఈరోజు చెప్పాడు.

"ఎంత ఏరితే ఏం లాభమే. వాడి చెక్క కట్టె, నా చేను కట్టె రెండూ ఆడనే ఏసినా. వేరేగా పెట్టు నాయనా అన్నాడు. కట్టెకీ కట్టెకీ తేడా ఏందిరా, అది గూడా చదువుకున్నదా అన్నా."

అని మొహం తువ్వాలుతో తుడుచుకుని మేకకు ఆకు వేయడానికి పోయాడు. నువ్వు ఆరోజు ఏం అనలేదు కాబోలు. నువ్వు మీ నాయనను ఎప్పుడూ ఎదిరించి అనేవాడివి కావు. అని ఉంటే బాగుండేది.

కానీ నాకు తెలుస్తుంది ఏది నీదో. నీ గింజ కొంచెం లావు, రంగు తేట. మన పాతది సన్నం, ఎరుపు. చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. కన్నతల్లికి తెలియదా.

జూలై 3

రెండు చేటల్లో వేరు చేశాను. నీవి ఒక చేటలో, మీ నాయనవి ఒక చేటలో. నీవే ఎక్కువ ఉన్నాయి.

జూలై 4, శుక్రవారం

పొద్దున మళ్లీ ఒకసారి చూద్దామని నీ చేట ముందర పెట్టుకున్నాను. చూసేకొద్దీ ఇది కాదేమో, అది కాదేమో అనిపించింది. తీసి అవతల వేశాను. అవతలి చేట చూస్తే అందులో నీవి కనిపించాయి. తీసి ఇవతల వేశాను.

మీ అత్త ఒత్తులు చేసుకుంటూ చూస్తోంది. కాసేపటికి అంది, "గురమ్మా, ఇప్పుడు ఇటేసింది నిన్న అటేసినావు."

"లేదు వదినా."

"నేను చూస్తానే ఉండా. ఆ నల్లచుక్క గింజ రెండుసార్లు ఊరు మారింది."

నేను రెండు చేటలూ కలిపేశాను. నాకు తెలియదు బుడ్డోడా. ఏది నీదో నాకు తెలియదు.

జూలై 5, శనివారం

రిజ్వానా ఫోను చేస్తే రమ్మన్నాను. వచ్చింది. గింజలు అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గర చూసింది.

"అమ్మా, ఇది విత్తనం అని ఎవరికీ ఇయ్యొద్దు. కలిసిపోయింది. సగం ఎండిపోతే శివ తెచ్చిన కంది గూడా ఎండిందంటారు. శివ ఉంటే ఇయ్యనిచ్చేటోడు కాదు."

"శివ ఉంటే నిన్నెందుకు అడుగుతానే" అన్నాను.

గట్టిగానే అన్నాను. మీ అత్త లోపల నుంచి తొంగి చూసింది. ఆ పిల్ల గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా చేటలో పోసి, "పోయొస్తానమ్మా" అంది. అన్నం వండాను, తినమని అడగలేదు. అడిగితే తినేదేమో. ఎండలో పోయింది.

జూలై 6, ఆదివారం

జీవరత్నానికి నేనే ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. కొన్ని గింజలు దొరికినాయి, కలిసిపోయినాయి, ఏది ఏదో మాకే తెలియదు అన్నాను. కలవలేదని చెబుదామనే ఫోను పట్టుకున్నాను. ఆమె "ఎట్లుండావక్కా" అని మొదట అడిగేసరికి ఆ మాట రాలేదు.

వాళ్ల ఊర్లో వాళ్లను అడిగి చెబుతానంది. సాయంత్రం చెప్పింది. తక్కిన వాళ్లు వద్దన్నారట. ఎవరి కంది వాళ్లు వేసుకుంటారట, ఏడాదికొక్క పంట, ఎట్ల నమ్మేది అన్నారట. న్యాయమే.

"నేను ఏస్తానక్కా. ఏమైతే అదయితది" అంది.

జూలై 7

రిజ్వానా పొద్దున్నే ఫోను చేసింది. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఆ పిల్ల కూడా నిద్రపోలేదట, ఆలోచిస్తూ ఉందట.

"అమ్మా, ఒక దారి ఉంది. పోయినేడు కంది మొత్తం ఎండిపోయిన చోటే విత్తాల. ఆ మట్టిలో తెగులు ఉంటాది. పాతరకం ఎండిపోతాది. శివది నిలబడాల. నిలబడినయ్యే విత్తనానికి పెట్టుకోవాల. మనం వేరు చేయలేం, మట్టే చేస్తాది."

"నిలబడకపోతే?"

"నిలబడకపోతే ఇంక లేదమ్మా" అంది.

అంటే బాగున్న నేలలో వేస్తే అన్నీ బతుకుతాయి, ఏది నీదో ఎప్పటికీ తెలియదు. చెడ్డ నేలలో వేస్తే తెలుస్తుంది, అన్నీ పోవచ్చు కూడా. నువ్వైతే ఏం చేసేవాడివి అని అడగను. నువ్వైతే అసలు ఇంత దూరం రానిచ్చేవాడివి కాదు.

జూలై 10, గురువారం

విత్తి వచ్చాం.

బయల్దేరేటప్పుడు మీ అత్త అడ్డం వచ్చింది. "బిడ్డ పోయి ఏడు తిరగలేదు. నువ్వు విత్తనం ముట్టుకోగూడదు గురమ్మా, పంటకు మంచిది గాదు."

"అటక మీద నుంచి దించేటప్పుడు ముట్టుకోలేదా వదినా?"

అనకూడదు. పెద్దది. కానీ అనేశాను. మీ అత్త తలుపు పక్కకు జరిగింది. తరవాత నేను ఆటో ఎక్కుతుంటే వచ్చి, చద్ది కట్టిన గిన్నె ఒళ్లో పెట్టింది. "పచ్చడి ఏసినా. అందరూ తినండి" అంది. నా వైపు చూడలేదు.

జీవరత్నం చేను అడవి అంచున ఉంది. నువ్వు చెప్పినట్టే రాళ్లే. పోయినేడు ఎండిపోయిన చెక్క చూపించింది. ఇంకా పాత మోళ్లు ఉన్నాయి. ఆ చెక్కలో ఈసారి ఆముదం వేద్దామనుకున్నారట. మన కోసం మానుకుంది. ఆమె మొగుడు విశ్వాసం సాలు తోలుతూ సణుగుతున్నాడు, "చచ్చే కందికి మంచి పదును తగలేస్తాండాం" అని. జీవరత్నం "నోరు మూసుకొని తోలు, నువ్వు చస్తే నీకు ఇంత గూడా తవ్వరు" అంది. ఆయన నవ్వాడు.

నన్నే విత్తమంది. నాకు ఏడు తిరగలేదన్నాను. "మాకు ఆ పట్టింపులు లేవక్కా. నువ్వే ఎయ్యి" అంది.

అక్కడికే వచ్చిన రిజ్వానా నా వెనకాలే మట్టి కప్పింది. గింజ చేతి నుంచి జారేటప్పుడు, నిన్ను మట్టిలో పెట్టినప్పుడు కూడా నా చేతులు ఇలాగే ఖాళీ అయ్యాయని గుర్తొచ్చింది. ఇంక రాయలేను.

చద్ది అందరం తిన్నాం. రిజ్వానా కూడా తిన్నది.

జూలై 19

మొలిచాయట.

ఆగస్టు 3

మీ అత్త వాళ్ల ఊరికి వెళ్లింది. బస్సు ఎక్కుతూ, "నాదే తప్పు గురమ్మా" అంది. నేను కాదనలేదు. అవుననలేదు. బస్సు కదిలాక కాదనాల్సింది అనిపించింది.

ఆగస్టు 20

వాన లేదు. మబ్బు వస్తుంది, నల్లమల మీద కురిసి పోతుంది. మీ నాయన ఈ ఏడు మన చేలో సజ్జ వేశాడు. కంది వేయలేదు.

సెప్టెంబరు 7

నిన్న వాన. జీవరత్నం చెట్లు మోకాలెత్తు దాటాయట. అన్నీ పచ్చగా ఉన్నాయట. సంతోషంగా చెప్పింది. నాకు భయమేసింది. అన్నీ పచ్చగా ఉంటే ఏది నీదో ఎట్లా తెలుస్తుంది. మనుషులు చెట్లు ఎండాలని కోరుకుంటారా. నేను కోరుకున్నాను, సగం.

సెప్టెంబరు 25

ఏం లేదు.

అక్టోబరు 14, మంగళవారం

జీవరత్నం ఫోను చేసింది. "ఎండుతాండాయక్కా." ఎన్ని అని అడిగాను. "నిన్న కొన్ని. ఈ పొద్దు ఇంకొన్ని. వరసగా పోతాండాయి." గొంతు తగ్గించి, "ఈయన ముందే చెప్పినా అంటాండాడు" అంది.

మీ నాయనకు చెప్పాను. తింటున్న కంచం పక్కకు నెట్టాడు.

అక్టోబరు 16, గురువారం

మీ నాయన నాతో వచ్చాడు. దినం తరవాత ఊరు దాటడం ఇదే. రిజ్వానా అక్కడికే వచ్చింది.

దూరం నుంచి చూస్తే చెక్క అంతా గోధుమ రంగు. నేను గట్టు మీదే ఆగాను. మీ నాయన ఆగలేదు. నేరుగా చేలోకి పోయాడు.

దగ్గరికి పోతే అలా లేదు. ఒకే సాలులో, పక్కపక్కనే, ఒకటి ఆకులు వాడి నిలువునా ఎండింది, దాని పక్కది పసుపు పూతతో నిలబడింది. రెండింటి వేళ్లూ ఒకే మట్టిలో ఉన్నాయి. అలా సాలంతా. ఎండినవే ఎక్కువ.

మీ నాయన ఎండిన చెట్టు ఒకటి పీకాడు. కాండం నిలువుగా చీల్చాడు. లోపల నల్లటి చార. "ఇది నాది" అన్నాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి పీకాడు. "ఇది నాది." ఎండినవన్నీ అలా అంటూనే పీకాడు. ఎవరమూ ఆపలేదు. విశ్వాసం వచ్చి ఆయన పక్కన వంగి తనూ పీకడం మొదలుపెట్టాడు.

జీవరత్నం నిలబడ్డ చెట్టు దగ్గర ఆగి, ఆరోజు మన చేలో చేసినట్టే కాండం పట్టి ఊపి చూసింది. "ఇవి మీవాడియ్యి అక్కా" అంది.

రిజ్వానా మాత్రం నిజమే చెప్పింది. "అన్నీ అని చెప్పలేమమ్మా. పాతవి గూడా ఒకటీ అరా తప్పించుకుంటాయి. వచ్చే ఏడు మళ్లీ ఇట్లాంటి చోటే వేయాల. ఆ పై ఏడు మళ్లీ. అప్పుడు గానీ శివది అనలేం."

అంటే నువ్వు ఎక్కడ మొదలుపెట్టావో అక్కడికి పోయాం. ఇంకా వెనక్కే. నీ చేతిలో శుభ్రంగా ఉన్నదాన్ని నేను గుప్పెడు అనుమానం చేశాను. ఆ ఊరి వాళ్లు ఈ ఏడు కూడా తాతల కందే వేశారు. వచ్చేటప్పుడు దారంతా వాళ్ల చేలు చూశాను. అక్కడక్కడ ఎండుతున్నాయి. నువ్వు మాటిచ్చిన ఇళ్ల వాళ్ల చేలు అవి. మీ నాయన ఆటోలో కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. చూడాల్సింది నేనే.

నవంబరు 2

అటక ఖాళీగా ఉంది. ఏదో ఒకటి పెడదామనిపిస్తుంది. పెట్టను.

డిసెంబరు 10, బుధవారం

కాయ గింజ పట్టింది. జీవరత్నం పిల్లలు పచ్చికాయ ఉడకేసుకుంటామని గొడవ చేస్తే కర్ర పట్టుకుని చేలో కూర్చుందట. "ఒక్క కాయ ముట్టినా మీ చేతులు ఉడకేస్తా అన్నానక్కా" అంది. పాపం పిల్లలు. వాళ్లకు బజారులో కొనిమ్మని రిజ్వానాతో చెప్పాను.

జనవరి 22, గురువారం

కోసి, కొట్టి, ఎండబెట్టి తెచ్చారు. జీవరత్నం, రిజ్వానా ఇద్దరూ వచ్చారు. సంచి అనడానికి లేదు, చిన్న మూట. మీ అత్త కూడా వచ్చింది, కబురు పెట్టకుండానే.

జీవరత్నం మూట నా ఒళ్లో పెట్టబోయింది. "నా ఇంట్లో వద్దు" అన్నాను.

"ఎందుకక్కా?"

"నన్ను నేను నమ్మను."

రిజ్వానా రెండు భాగాలు చేద్దామంది. ఒకటి జీవరత్నం దగ్గర, ఒకటి మన దగ్గర. ఒకచోట పోయినా ఇంకొకచోట మిగులుతుంది. అది సరే అనిపించింది. మీ నాయన బూడిద జల్లించి తెచ్చాడు. మీ అత్త వేపాకు దూసింది. దూస్తూ దూస్తూ ఎవరినీ చూడకుండా అంది.

"నేను రేపో మాపో పోతా. పోయినోళ్ల గింజ అని నేను పట్టుబట్టిన పద్ధతి నాతోనే పోనీండి. నా దినానికి బియ్యం వండండి, కూరగాయలు వండండి, ఇంకేదన్నా వండండి. విత్తనం జోలికి రావద్దు."

జీవరత్నం, "పెద్దమ్మా, నీ దినానికి కోడి కోయిస్తా, భయపడొద్దు" అంది. మీ అత్త కూడా నవ్వింది. నేను కూడా.

నేను వాళ్లందరికీ ముందే చెప్పేశాను. వచ్చే వానలకు ఎవరికీ మాట ఇయ్యొద్దు అని. ఇంకా తేలాలి. ఈసారి సాలు తోలేది మీ నాయన. మన చేలో, తనది నిలువునా ఎండిన ఆ సగంలో.

నువ్వు ఉంటే పోయిన వానలకే జీవరత్నం వాళ్ల ఊరంతా పచ్చగా ఉండేది. నేను ఆ సంచి దించకుండా ఉంటే నువ్వు లేకపోయినా ఉండేది. ఎన్నిసార్లు రాసినా ఇది మారదు. ఇంక రాయను.

ఈ పూట సజ్జరొట్టెలు చేశాను. చిన్న వంకాయలు, పల్లీల కారం పెట్టి. కంది ముట్టలేదు. అందరం తిన్నాం. నీకు ఒక కంచంలో వేడిగా పెట్టాను, పైన నెయ్యి వేశాను. చల్లారకముందే కడుపునిండా తిను.